బిల్లు పుస్తకమును చూచి ప్రింటరును కొనుట

మూఢము ప్రవేశించినదని పంచాంగము చెప్పిన దినమునుండి కల్యాణమండపములకు తాళములు పడును. మేళగాండ్రు తమ యూళ్లకు మరలుదురు. పూలవర్తకులు బేరము తగ్గినదని నిట్టూర్తురు. కాని ఈ విరామమువలన కలుగు నష్టమును అందరికంటె వింతగా అనుభవించువాడు చిన్న పట్టణములోని ఫొటోగ్రాఫరు. ఇతరులకు పోవునది ఆ వారముల రాబడి మాత్రమే. ఇతనికి రాబడితోపాటు, బల్లమీద గుడ్డ కప్పుకొని ఊరక యున్న ప్రింటరుగూడ చెడును. పనిచేసి యరిగిపోవు యంత్రములను లోకమంతయు ఎరుగును. పనిలేక పాడగు యంత్రమును కొనవలసివచ్చినపుడు మాత్రము మనవారు ఆ సంగతి తలపెట్టక, దుకాణదారుడు చూపిన నమూనా చిత్రపు తళుకును, కరపత్రములోని పెద్ద యంకెలను చూచి మురిసి, సొమ్ము చెల్లించి వచ్చుచున్నారు.

నమ్మదగిన ప్రింటరు ఏదని అడుగువారికి ఒక్క పేరుతో ప్రత్యుత్తరమిచ్చుట సాధ్యము కాదు. ఒకనివద్ద ఏండ్ల తరబడి మరమ్మతు ఎరుగక పనిచేసిన నమూనాయే, వీధి కావలనున్న మరియొకనికి ఏడాది తిరుగకముందే తలనొప్పి యగుచున్నది. యంత్రమొక్కటియే, వాడుక వేరు. నా యభిప్రాయమున విశ్వసనీయత సగము యంత్రములోను, తక్కిన సగము దానిచేత చేయించు పనియొక్క లయలోను ఉన్నది. కావున ప్రింటరు కొనదలచినవాడు మొదట తెరువవలసినది తన గడచిన సంవత్సరపు బిల్లు పుస్తకమును. మాఘ ఫాల్గుణములలో ఎన్ని పెండ్లిండ్లు వచ్చినవి, ఆషాఢములో ఎన్ని దినములు ఒక్క బిల్లైనను లేక గడచినవి, జూను నెలలో బడులు తెరచునపుడును ఉద్యోగప్రకటనలు వెలువడినపుడును పాస్‌పోర్టు ఫొటోలకై ఎందరు వరుస కట్టిరి, గోడకు తగిలించు పెద్ద పటములెన్ని, ఆల్బములెన్ని, ఈ లెక్క తేలినచో సగము నిర్ణయము జరిగినట్లే.

ఫొటోను తీయుటయు, దానిని కాగితముమీదికి దింపుటయు ఒకే చేతిపనిగా నుండిన కాలము మన దేశమున చిరకాలము నడచినది. సికింద్రాబాదున స్టూడియో పెట్టి, 6వ నిజాము మహబూబ్ ఆలీఖానునకు ఆస్థాన ఛాయాగ్రాహకుడై, రాజా బిరుదమునందిన లాలా దీన్‌దయాళ్ నాటి పటములు, కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముపై గాజు నెగటివును అదిమి, సూర్యకాంతిలో ముద్రించినవి. తరువాత ఎఱ్ఱదీపపు చీకటిగది వచ్చెను; ఊటీలోని హిందూస్తాన్ ఫొటో ఫిలిమ్స్ వారి ‘ఇందు’ కాగితము వచ్చెను; రంగులు వచ్చిన పిమ్మట మాత్రము ముద్రణ స్టూడియో గడప దాటి పోయెను. రంగు కాగితమును కడుగు రసాయనములును, వాటి వేడిమిని రవ్వంతయు తప్పకుండ నిలుపు ఏర్పాటును చిన్నవాని శక్తికి మించినవి కాగా, నోరిట్సు, ఫ్యూజీ కంపెనీల మినీల్యాబులుగల పట్టణములకు రోలులను పంపి, బస్సులో వచ్చు కవరుకై ఎదురుచూచుట అలవాటయ్యెను. డిజిటలు కెమెరా వచ్చి, ప్రింటరు చౌకయైన తరువాత ఆ పని మరల ఇల్లు చేరినది. దానివెంట చీకటిగది నాటి బాధ్యతయు ఇల్లు చేరినదని గుర్తించినవారు తక్కువ.

నేడు చిన్న స్టూడియోవాని యెదుట నున్న మార్గములు ముఖ్యముగా రెండు: సిరాను చిమ్ము ఇంకుజెట్టు ఒకటి, రిబ్బనుమీది రంగును వేడిచేత కాగితములోని కెక్కించు డై-సబ్లిమేషను రెండవది. ఆఫీసులలోని లేజరు ప్రింటరు కాగితములు అచ్చొత్తుటకు ఎంత నమ్మకమైనదైనను ఫొటోపనికి తగదు గనుక దానిని ఇక్కడనే విడిచెదము.

ఇంకుజెట్టు తలలో వెండ్రుకకంటె సన్నని రంధ్రములు వందలకొలది యుండును. ఆ రంధ్రమునుండి సిరాబిందువును వెడలించుటకు రెండు విద్యలున్నవి. 1977లో జపానునందలి క్యానన్ ప్రయోగశాలలో సిరా నింపిన సిరంజి సూదికి కాగిన సోల్డరింగు ఇనుము పొరబాటున తగులగా మొననుండి సిరా చిమ్మినదనియు, వేడివలన పుట్టిన బుడగయే దానిని త్రోసినదని గ్రహించి వారు ఆ సూత్రముమీదనే తమ యంత్రమును నిర్మించిరనియు ప్రసిద్ధి. హ్యూలెట్ ప్యాకార్డు వారును వేరుగా అదే సూత్రమును పట్టుకొని, 1984లో థింక్‌జెట్టు అను యంత్రమును విపణికి తెచ్చిరి. ఎప్సన్ వారు వేడిని వదలి, విద్యుత్తు సోకినపుడు ఆకారము మార్చుకొను పీజో స్ఫటికముచేత సిరాను నెట్టించిరి. వాడువానికి ఈ భేదముతో పనియేమి యనిన, చాల గలదు. వేడిచేత పనిచేయు తల క్రమముగా క్షీణించునది. కావున కొన్ని నమూనాలలో దానిని తీసివేసి క్రొత్తది వేసికొను వీలు కల్పించిరి. పీజో తల యంత్రము బ్రదికినంతకాలము బ్రదుకవలెనను ఉద్దేశముతో చేయబడినది. చాలకాలము నిలుచునుగాని, అది యొకమారు గట్టిగా పూడిపోయినచో మరమ్మతు ఖర్చు క్రొత్త యంత్రపు వెలను సమీపించును.

ఈ పూడుటయే మూఢపు దినముల వ్యాధి. వాడుక లేనపుడు సిరాలోని ద్రవమారిపోయి, రంగు రంధ్రముఖమున పేరుకొనును. రాయలసీమలోను తెలంగాణములోను వేసవిగాడ్పు వీచు కాలమున ఇది మరింత వేగముగా జరుగును. ఇట్టి యంత్రములకు కంపెనీలు సాధారణముగా విధించు 35 డిగ్రీల హద్దును అనంతపురపు ఏప్రిలు మధ్యాహ్నము అవలీలగా దాటును. కోస్తాలో బాధ మరియొక తీరుగా వచ్చును: శ్రావణపు తేమకు ఫొటో కాగితము అంచులు వంగి, లోపల పోవునపుడు తలకు రాచుకొని, నల్లని గీతలను తెచ్చును. పూడిన తలను శుభ్రము చేయుమని ఆజ్ఞ ఇచ్చినపుడెల్ల యంత్రము మంచి సిరానే పీల్చి, అడుగుననున్న దూదిదిండులోనికి వదలును. దిండు నిండినదని లోపలి లెక్క చెప్పిన దినమున ప్రింటరు దీపములు మినుకుమినుకుమనిపించి మొరాయించును. ఆ దినము పెండ్లిదినమే కావచ్చును.

దీనికి మందు సులభము, కాని నిత్యసేవ్యము. పని యున్నను లేకున్నను వారమునకు ఒకటి రెండుమార్లు అన్ని రంగులును గల చిన్న ఫొటో నొకదానిని తీయవలెను. దుకాణము మూయునపుడు గోడస్విచ్చును ముట్టకముందు యంత్రముమీది మీటను నొక్కి ఆర్పవలెను. మీట నొక్కినపుడు తల తన గూటికి చేరి మూత పెట్టుకొనును. పనిమధ్యలో గోడస్విచ్చు ఆర్పినను, కరెంటు హఠాత్తుగా పోయినను, ఉన్నచోటనే నోరు తెరచుకొని నిలిచి, తెల్లవారునప్పటికి ఎండును. యు.పి.ఎస్. వెలను ప్రింటరు వెలలోనే కలిపి చూచుకొనుట మంచిది.

సిరా ఖర్చు విషయమున మన స్టూడియోలవారు కంపెనీలకే దారి చూపిరని చెప్పవచ్చును. చిటికెడు సిరాకు దోసెడు రూపాయలు వసూలుచేయు కాట్రిడ్జీల కాలములో, ఆసియా దేశములలోని దుకాణదారులు ప్రింటరు ప్రక్కకు సీసాలు కట్టి, సన్నని గొట్టములతో సిరాను లోపలికి నడిపించుకొనుచుండిరి. కంపెనీ ఒప్పని ఈ నాటు విద్యనే ఎప్సన్ వారు 2010లో ఇండొనేషియాలో సిరాతొట్టితో కూడిన తమ సొంత యంత్రముగా విడుదల చేసి, పిమ్మట మన దేశమునకును తెచ్చిరి. నేడు మన పట్టణములలో బల్లబల్లకును కనబడు ఎల్ 805, దాని తరువాతి ఎల్ 8050, పెద్ద కాగితము తీసికొను ఎల్ 1800, ఎల్ 18050 అను ఆరు రంగుల యంత్రములన్నియు ఆ సంతతిలోనివే. క్యానన్ వారి జి 570 సైతము ఆరు రంగులదే యైనను, అందు మామూలు నాలుగింటికి ఎఱుపును బూడిదరంగును తోడైనవి. ఆరు రంగులెందుకనగా, నాలుగు రంగులతోనే ముఖము దింపినపుడు చెంపలపై లేతఛాయ రావలసినచోట ముదురుచుక్కలు విడివిడిగా పడి ఇసుక చల్లినట్లు కనబడును. పలుచని నీలమును పలుచని మెజెంటాయు చేరినచో ఆ చుక్కలు కంటికి చిక్కవు. నాలుగు రంగుల తొట్టి యంత్రము వెల తక్కువయని దానిని ఫొటోపనికి కొనుట నాకు సమ్మతము కాదు. అట్లే సగము ధరకు దొరకు పేరులేని సిరాయు: సీసా సీసాకును వన్నె మారుచుండగా, పెండ్లికూతురి చీర పోయిన నెలలో ఒక రంగు, ఈ నెలలో ఒక రంగు వచ్చినచో తిట్లు తినువాడు సిరా అమ్మినవాడు కాడుగదా.

డై-సబ్లిమేషను యంత్రపు తత్త్వమే వేరు. అందు ద్రవము లేదు. కావున ఎండుటయు లేదు. పసుపు, మెజెంటా, నీలి రంగుల పలుచని పూతలును, చివర వన్నెలేని రక్షణపు పూతయు వరుసగా గల రిబ్బనొకటి. ఆ రంగులను లోనికి తీసికొను పొరగల కాగితపు చుట్ట ఒకటి. వేడితల క్రింద కాగితము నాలుగుమార్లు పోవును; పోయినపుడెల్ల ఒక్కొక్క పూత దానిలోనికి దిగును; నాలుగవమారు ముగియగనే తడిచేతితో పట్టుకొన్నను చెరగని ఫొటో బయటపడును. ఇంకుజెట్టు చుక్కల సాంద్రతచేత వన్నెను భ్రమింపజేయగా, ఇది ప్రతి చుక్కయందును వేడిని హెచ్చించి తగ్గించి రంగు చిక్కదనమునే మార్చును. అందుచేత అంగుళమునకు 300 చుక్కలే యైనను చర్మఛాయ నునుపుగా జారినట్లుండును. కరపత్రములోని 5760 అను అంకెను చూచి ఈ 300ను చులకన చేయుట కేవలము భ్రాంతి. 4×6 అంగుళముల ఫొటోకు ఆ లెక్కన కావలసినది 1200×1800, అనగా ఇరువదియొక్క లక్షల అరువదివేల చిత్రబిందువులు; ఇప్పటి చేతిఫోను సైతము అంతకు అనేకరెట్లు ఇచ్చుచున్నది.

డి.ఎన్.పి. వారి ఆర్‌ఎక్స్1 యంత్రమునకు ఒక చుట్టమీద 4×6 ఫొటోలు 700 వచ్చును, డి.ఎస్.620 యంత్రమునకు 400 వచ్చును. హైటి, మిత్సుబిషి, సిటిజెన్ వారి యంత్రములకును లెక్క ఇట్లే ముందుగా తెలిసియే యుండును. ఎన్ని రూపాయల చుట్ట, ఎన్ని ఫొటోలు, ఫొటో కెంత యను భాగహారము చేయుటకు వడ్డీవ్యాపారి తెలివి అక్కరలేదు. ఈ స్పష్టతయే చిన్న వర్తకునికి దీనియందలి మొదటి గుణము. ఒక 4×6 కాగితముమీద 3.5×4.5 సెంటిమీటర్ల పాస్‌పోర్టు ఫొటోలు ఎనిమిది పట్టును గనుక, బడులు తెరచు వారములో వరుసకట్టిన జనమును ఈ యంత్రము తడబడక సాగనంపును. వేదికపై వధూవరులుండగనే చుట్టముల చేతికి ఫొటో ఇచ్చు వేడుకకును ఇదే తగినది. మూఢమంతయు గుడ్డ కప్పి యుంచినను, మీట నొక్కిన కొలది నిమిషములకు పని కందును.

దోషములును లేకపోలేదు. ఫొటోలో సగము తెల్లని గోడయే యైనను రిబ్బను పూర్తిగా ఖర్చగును. చుట్ట వెడల్పునకు మించి ఒక్క అంగుళమైనను పెంచుటకు వీలులేదు. రిబ్బనును కాగితమును జంటగా ఆ కంపెనీవద్దనే కొనవలెను. మీ పట్టణమునకు తెచ్చువాడు మానుకొన్న దినమున యంత్రము వట్టి పెట్టెయగును. వేడితలపై నలుసు చేరినచో, తుడుచువరకు ప్రతి ఫొటోమీదను అదే గీత వచ్చును. పనిచేయునపుడు కొన్ని వందల వాట్లు లాగును గనుక కంప్యూటరుకు పెట్టిన చిన్న యు.పి.ఎస్. దీనిని మోయలేదు. మరియొకటి, మనవారు పట్టించుకొననిది: వాడిన రిబ్బనుమీద, తీసిన ప్రతి ముఖమును నెగటివు రూపమున స్పష్టముగా నిలిచియుండును. ఊరిలోని ఆడపిల్లల పాస్‌పోర్టు ఫొటోలన్నియు అందుండగా దానిని చెత్తకుండిలో పారవేయుట అపరాధమే. ముక్కలుగా కత్తిరించిన పిమ్మట గాని బయటికి పంపరాదు.

ఆల్బముల మాట వేరు. 12×36 అంగుళముల పుటను 300 చుక్కల లెక్కన 3600×10800 బిందువులతో ముద్రించి, మధ్య మడత కనబడకుండ అతికి, అట్టవేయుట ల్యాబువాని పని. హైదరాబాదు, విజయవాడ ల్యాబులు చేయు ఈ పనిని ఇంటిలో చేయదలచి పెద్ద యంత్రమునకు అప్పుచేయుట, సంవత్సరమునకు వందల ఆల్బములు లేనివానికి హితము కాదు.

నిలుకడనుగూర్చి ఒక పాతకథ తెలియదగినది. 2000వ సంవత్సరమున ఎప్సన్ వారి స్టైలస్ ఫొటో 870 అను యంత్రము వచ్చినపుడు దాని చిత్రములను చూచినవారు ల్యాబు ఫొటోలకు కాలము చెల్లినదనిరి. కాని ఒక మెరుపు కాగితముమీద తీసిన ఫొటోలు కొందరి యిండ్లలో దినముల వ్యవధిలోనే నారింజఛాయకు తిరిగిపోయెను. ఆయుర్దాయమును లెక్కకట్టినవారు వెలుతురును లెక్కించిరిగాని, గాలిలోని ఓజోను వాయువు కాగితపు సూక్ష్మరంధ్రములగుండ చొచ్చి నీలిరంగును తినివేయునని ఊహింపలేదు. ఆ యేటనే వారు పిగ్మెంటు సిరాతో 2000పి అను యంత్రమును తెచ్చిరి. అది రంగు వెలియక నిలిచినది, కాని దీపపు వెలుతురులో సరిగానున్న నలుపు తెలుపు చిత్రము పగటివెలుతురులో పచ్చబారినట్లు కనబడుచుండెను. నాటినుండి రెండు తెగల సిరాలును చాల మెరుగుపడినవి. ఐనను మూలభేదము పోలేదు. నీటిలో కరగిన రంగు మెరుపు నిచ్చును, త్వరగా వెలియును. కరగని పొడిరంగు నిలుచును, తలను పూడ్చుటకు వెనుదీయదు. తొట్టి యంత్రములతో తీసిన పెద్దపటమును గాజుకట్టి ఇచ్చినచో గాలియు, దేవుని గదిలోని ధూపమును దానిని అంత సులభముగా సోకవు.

దుకాణములో చూపు నమూనా చిత్రమును నమ్మరాదు. అందు నీలిసముద్రము, చిలుక, ఎఱ్ఱని కారు ఉండును. అవి యేయంత్రమైనను బాగుగానే తీయును. మనము తీసికొనిపోవలసినది మన చిత్రము: పసుపుపాదములు, కుంకుమ, పట్టుచీర జరీ, నల్లని జడలో మల్లెలు, పెండ్లికొడుకు తెల్లపంచె అన్నియు ఒక్కచో నున్న ఫొటో. పంచెమడతలు తెల్లని మచ్చగా కలిసిపోవుచున్నవా, మల్లెలచుట్టు జుట్టు పాయలు కనబడుచున్నవా, జరీ పసుపుముద్దగా మారినదా అని చూడవలెను. దానితోపాటు ఎవరో పెద్దవారి నలుపు తెలుపు ఫొటో నొకదానినిగూడ తీయించి, దుకాణము వెలుపలికి వచ్చి ఎండలో చూడవలెను. పెద్దకర్మ నాటికి దండ వేయుటకు పటము కావలెనని వచ్చువారు గడువు ఇయ్యరు. ఆ పటములో తండ్రిముఖము ఊదారంగుగానో పచ్చగానో వచ్చినచో వారికి ఏ సమాధానమును చెప్పలేము. ఇంటి కంప్యూటరు తెర మితిమీరిన వెలుగుతో నున్నచో మాత్రము తప్పు ప్రింటరుది కాదు; తెరపై వెలిగిన ఫొటో కాగితముపై చీకటిపడుటకు చాలవరకు తెరయే కారణము.

వెలను ఒంటరిగా చూచుట వలదు. ఇరువదివేల రూపాయల యంత్రము ఐదువేల ఫొటోలకే చేతులెత్తినదనుకొందము: ఫొటోకు నాలుగు రూపాయలు యంత్రమునకే పోయినవి. అదియే ఏబదివేల ఫొటోలు తీసినచో నలుబది పైసలు. ఈ యంతరమును నిర్ణయించునది చాలవరకు మరమ్మతు. కంపెనీ సేవాకేంద్రము జిల్లా కేంద్రమున నున్నదా, హైదరాబాదునకు పంపవలెనా, తల మార్చుటకు ఎంత, దూదిదిండు మార్చుటకు ఎంత, యంత్రము లోపల నున్న దినములలో బదులు యంత్రము నిత్తురా అని కొనకముందే వ్రాయించుకొనవలెను. అమ్మునపుడు ముప్పదిరెండు పండ్లతో నవ్విన దుకాణదారుడు మరమ్మతునాడు ఫోనెత్తకుండుట క్రొత్త విషయము కాదు. ఇరుగుపొరుగు స్టూడియోలవారు వాడు నమూనానే కొనుటలో గొప్పతనము లేకపోవచ్చునుగాని, ముహూర్తముల నడుమ రాత్రి పదిగంటలకు సిరా అయిపోయినపుడు సీసా అప్పిచ్చువాడు వీధి చివర నుండుట ఏ కంపెనీ వాగ్దానముకంటెను ఎక్కువ యక్కరకు వచ్చును.

రెండింటిలో ఒక్కటే కొనగలిగిన స్థితిలో, బిల్లు పుస్తకములో చిన్న ఫొటోలు ఎక్కువయై, పనిలేని వారములును ఎక్కువయైనచో డై-సబ్లిమేషనువైపే నేను మొగ్గుదును. పెద్దపటములు విరివిగా పోవుచు, దినమునకు నాలుగైదైనను తప్పక తీయువానికి ఆరు రంగుల తొట్టి యంత్రము చాలును. పాతయంత్రము కొనువారికి మరియొక మాట. డై-సబ్లిమేషను యంత్రములు తాము జన్మలో తీసిన ఫొటోల సంఖ్యను తమలోనే వ్రాసికొనియుండును. కంప్యూటరుకు తగిలించి ఆ సంఖ్యను చూపుమని అడుగవలెను. ఇంకుజెట్టు విషయమున, సాయంకాలము వచ్చినవానికి తలను అప్పుడే కడిగి, గీతలన్నియు తెగకుండ వచ్చిన పరీక్షాపత్రమును చూపుట అమ్మువానికి కష్టము కాదు. ఆ రాత్రి యంత్రము నట్లే యుంచి, మరునాటి ఉదయము తమ యెదుటనే, కడుగకముందు, మొదటి పత్రమును తీయుమనవలెను. దానికి అమ్మువాడు సందేహించినచో బేరమును అక్కడనే విడిచి రావచ్చును.